హ్యూస్టన్ మ్యూజియంలో నాన్న చెయ్యి పట్టుకున్న ఆవిడకు

గుంటూరు నుంచి వచ్చిన నాన్నను హ్యూస్టన్‌లోని హోలోకాస్ట్ మ్యూజియంకి, అంటే హిట్లర్ నాజీలు చేసిన యూదుల ఊచకోతను గుర్తుచేసే మ్యూజియంకి, తీసుకెళ్లాం. సోషల్ మాస్టారుగా రిటైరైన మనిషి, అడిగి మరీ వచ్చారు. యూదులను మరణ శిబిరాలకు తరలించిన రకం రైలు పెట్టె ముందు ఉన్నట్టుండి చెమటలు పట్టి తూలారు. షుగర్ పడిపోయింది. టెన్షన్‌తో నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

స్కూలు పిల్లలకు మ్యూజియం చూపిస్తున్న వలంటీరు ఒకావిడ, పిల్లల్ని ఇంకొకరికి అప్పజెప్పి గబగబా వచ్చారు. కుర్చీ వేయించారు. ఎక్కడి నుంచి తెచ్చారో గానీ జ్యూస్ తాగించారు. ఆవిడకూ డెబ్బై దాటే ఉంటాయి. అయినా నేల మీదే చతికిలబడి, నాన్న చెయ్యి పట్టుకుని, ఆయన తేరుకునేదాకా లేవలేదు.

తర్వాత మెల్లగా డెన్మార్క్ చేపల పడవ దగ్గరకు నడిపించుకెళ్లారు. తన యాస నాన్నకు అందడం లేదని గ్రహించి, బ్రోషర్ వెనక పెద్ద పెద్ద అంకెలతో 1943 అని, ఒక బాణం గుర్తు, పక్కన 7,000 అని రాసి చూపించారు. నాజీలకు చిక్కకుండా అలాంటి పడవల్లో స్వీడన్‌కు దాటించిన యూదులు అంతకంటే ఎక్కువే. "ఏడు వేల మందినా!" అన్నారు నాన్న తెలుగులోనే. ఆవిడ అర్థమైనట్టే తలూపారు.

అమ్మా, మీకు చాలా థాంక్స్. అక్కడ వలంటీరుగా చేసే మనవాళ్లెవరైనా ఉంటే ఇది ఆవిడకు చెప్పండి. నాన్న బాగున్నారు. ఆ కాగితం మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వడం లేదు.