ఆ వ్యాసం మీద పేకముక్కల బొమ్మ ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం ఆన్‌లైన్ గేముల మీద మీరు వేసిన వ్యాసం రెండుసార్లు చదివాను. రమ్మీ, బెట్టింగుల గురించి రాసిందంతా నిజం. మా వీధిలోనే ఒకతను రమ్మీలో భార్య గాజులు కూడా పోగొట్టాడు. కానీ పిల్లలు ఒక పాత్రని తయారుచేసుకుని ఆడే రోల్‌ప్లేయింగ్ గేముల్ని కూడా అదే గాటన కట్టేశారు, పైన పేకముక్కల బొమ్మ వేశారు. అది చూసి చాలా బాధపడ్డాను. ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణలో 2017లో, మన రాష్ట్రంలో 2020లో నిషేధించారు. 2025లో పార్లమెంటు చేసిన చట్టం కూడా డబ్బు పెట్టి ఆడేవాటినే నిషేధించి, మిగతా ఆటల్ని విడిగా చూసింది. ఆ తేడా మీరూ చూడాలి కదా.

నేను తెనాలిలో పాతికేళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. మావాడు ఇంటర్ చదివేటప్పుడు డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆన్‌లైన్ ఆడేవాడు. 2006లో వచ్చిన పాత గేము, 2009 నుంచి డబ్బు కట్టకుండా ఆడుకోవచ్చు. కంప్యూటర్ ముందు నుంచి లేవడంలేదని రోజూ తిట్టేదాన్ని. ఒకరోజు కాగితం మీద ఏవో లెక్కలు వేసుకుంటుంటే చదువుకుంటున్నాడనుకుని సంతోషపడ్డాను. చూస్తే గేము లెక్కలే. ‘ఏంట్రా ఇవి, నాకూ చెప్పు’ అని పక్కన కూర్చున్నాను. ఇప్పుడు వాడు పుణెలో ఉద్యోగం చేస్తున్నాడు. శనివారం రాత్రి ఇద్దరం కలిసి ఆడతాం, పదకొండుకల్లా ఆపేస్తాం.

ఆ లెక్కల పేరు మల్టీక్లాస్. మన పాత్ర ఒక్కో లెవెల్ పెరుగుతూ మొదట 20 దాకా వెళ్తుంది. క్లాసంటే మంత్రగాడిలాగా పాత్ర చేసే పని, దాని వృత్తి అనుకోండి. లెవెల్ పెరిగినప్పుడల్లా దాన్ని ఏ క్లాసుకి ఇవ్వాలో మనమే తేల్చుకోవాలి. ఒక పాత్రలో మూడు క్లాసుల దాకా కలపొచ్చు. ఇరవయ్యీ ఒకే క్లాసుకి ఇస్తే చివర్లో దానికంటూ ఒక ప్రత్యేక శక్తి వస్తుంది, కలిపితే అది రాదు. నాకిది చెప్పగానే అర్థమైంది. చీరతో వచ్చేది 80 సెంటీమీటర్ల ముక్క. మోచేతుల దాకా చేతులు, వెనక డోరీ, పైపింగ్ అన్నీ అందులోనే రావాలంటే ఎక్కడో ఒకచోట తగ్గించక తప్పదు.

నాది విజార్డ్, అంటే మంత్రగాడి క్లాసు పాత్ర. మంత్రాలు వేస్తుంది గానీ ఉచ్చులు విప్పడం చేతకాదు. ఆ పని రోగ్ అనే క్లాసుది. మంత్రాలకీ ఉచ్చులు విప్పడానికీ కావలసింది పాత్ర తెలివి, అంటే ఇంటెలిజెన్సే కాబట్టి రెండు క్లాసులూ చక్కగా కలుస్తాయి. రోగ్‌కి రెండు లెవెళ్లు ఇస్తే ఎవేజన్ వస్తుంది. నిప్పు ఉచ్చులో చిక్కినా సమయానికి తప్పుకోగలిగితే అసలు దెబ్బే తగలదు. అటు చూస్తే విజార్డ్‌కి 17 లెవెళ్లు నిండితేగానీ తొమ్మిదో స్థాయి మంత్రాలు రావు. అంటే రోగ్‌కి మూడు దాకా ఇవ్వొచ్చు. నాలుగోది ఇచ్చామంటే ఆ పెద్ద మంత్రాల మీద ఆశ వదులుకోవాల్సిందే.

వరస కూడా ముఖ్యమే. నా మొదటి పాత్రకి ఐదో లెవెల్లో రోగ్ కలిపాను. నిజానికి మొట్టమొదటి లెవెల్లో స్కిల్ పాయింట్లు, అంటే నైపుణ్యాలకి పెట్టుకునే పాయింట్లు, నాలుగింతలు వస్తాయి, రోగ్‌కైతే ఇంకా ఎక్కువ. కాబట్టి రోగ్‌గా మొదలుపెట్టి తర్వాత విజార్డ్‌లోకి వెళ్లాలి. అది తెలియక నైపుణ్యం చాలక, ఉచ్చుని నడిపే పెట్టె విప్పబోతే అది కాస్తా నా చేతిలోనే పేలిపోయింది. ఇక ఆ ఉచ్చుని ఆపే దారి లేదు. నా వెనకున్న జట్టు వాళ్లంతా ఆ ఉచ్చు కత్తుల మధ్య నుంచి పరిగెత్తాల్సి వచ్చింది. ఆ రాత్రి మావాడు నన్ను ఒక్క మాట అనలేదు. కాగితం తెచ్చి మొదటి లెవెల్ నుంచి మళ్లీ రాయించాడు.

అన్ని గేములూ ఇలా ఉండవు. ఫైనల్ ఫాంటసీ 14లో ఒకే పాత్ర అన్ని జాబ్‌లూ (అక్కడ క్లాసుల్లాంటివి) నేర్చుకోవచ్చు, ఆయుధం మారిస్తే జాబ్ మారిపోతుంది. మావాడికి అదే హాయిగా ఉంటుందట. నాకు మాత్రం కత్తెర పెట్టే ముందు నాలుగుసార్లు కొలుచుకోవాల్సిన గేమే ఇష్టం. ఇందులోనూ రీఇన్‌కార్నేషన్ అని పాత్రని మళ్లీ కట్టుకునే వీలుంది గానీ అది ఊరికే రాదు.

నిద్ర చెడగొట్టుకునే పిల్లల గురించి, గేముల్లో వస్తువుల కోసం అమ్మానాన్నల డబ్బు తగలేసే పిల్లల గురించి తప్పకుండా రాయండి. దాంతోపాటు ఇలాంటి లెక్కల గురించి కూడా మీ చదువు పేజీలో తెలుగులో ఒక వ్యాసం వేయండి. ‘ఈ లెవెల్ ఆ క్లాసుకే ఎందుకిచ్చావు’ అని పిల్లవాణ్ని అడగాలంటే తల్లికి ముందు క్లాసంటే ఏంటో తెలియాలి. ఆ వ్యాసం మీద మాత్రం దయచేసి పేకముక్కల బొమ్మ వేయకండి.

– ఒక పాఠకురాలు, తెనాలి