ఫాయిల్ బదులు గుడ్డ, స్పాంజి బదులు బీరపీచు

తల్లిదండ్రులకు నమస్కారం.

మధ్యాహ్న భోజనాలయ్యాక బడి చెత్తబుట్టల్లో ఎక్కువగా కనబడేవి అల్యూమినియం ఫాయిల్, టిష్యూలు. ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, చెంచాలు, స్ట్రాలను దేశమంతటా 2022 జులై 1 నుంచే నిషేధించారు. ఫాయిల్, టిష్యూ ఆ జాబితాలో లేవు కాబట్టి, వాటి సంగతి మన వంటింట్లోనే తేలాలి.

ముందుగా ఒక మనవి. ఫాయిల్, టిష్యూలు మానే పేరుతో ఇంట్లో ఉన్న ప్లాస్టిక్ డబ్బాలన్నీ పారేసి కొత్తవి కొనకండి. వేడి కూరలు, సాంబారు వాటిలో పోయకుండా పప్పులకూ పోపు సామానుకూ వాడుకోండి.

పులిహోర, టమాటా పచ్చడి ఫాయిల్‌లో చుట్టి పంపితే పులుపూ ఉప్పూ కలిసి రేకును తింటాయి. మధ్యాహ్నానికి సూదిబెజ్జాలు పడటం అందుకే. ఆ కరిగిన లోహం పోయేది అన్నంలోకే. ఇలాంటివి నేరుగా స్టీలు డబ్బాలో పెట్టండి. చపాతీలకు, దోసెలకు మాత్రం గుడ్డ కావాలి. రేకులో ఆవిరి బయటికి పోక చపాతీ తడిసి ముద్దవుతుంది. గుడ్డ ఆ తడిని పీల్చుకుంటుంది. గుడ్డలో చుట్టి మూత ఉన్న డబ్బాలోనే పెట్టండి, లేకపోతే ఎండి అట్టలవుతాయి.

కొత్త గుడ్డ కన్నా పాత నూలు పంచె నయం. కొత్తదానికి గంజి ఉంటుంది, రెండు మూడు ఉతుకులదాకా నీళ్లు పీల్చదు. అడుగు చదరం ముక్కలు కత్తిరించి అంచులు కుట్టించండి. ఒక్కో పిల్లకు ఏడు ముక్కలుంటే వారం గడుస్తుంది. మూతి తుడుచుకోవడానికి ఇంకో నాలుగు చిన్నవి.

చాలా ఇళ్లలో వారం తిరక్కుండానే మళ్లీ ఫాయిల్‌కి వెళ్లిపోవడానికి కారణం వాసన. తడిగుడ్డ సాయంత్రందాకా సంచిలో ముద్దగా పడి ఉంటే ముక్కిన వాసన పడుతుంది. మన వానాకాలం ఉక్కలో మరీను. పిల్లలు ఇంటికి రాగానే గుడ్డ తీసి తాడు మీద వేయించండి, ఉతకడం తర్వాత చూసుకోవచ్చు. నూనె మరక ఉంటే వేణ్నీళ్లలో సబ్బు వేసి అరగంట నానబెట్టండి. పసుపు మరకను రుద్ది లాభం లేదు, రెండు రోజులు ఎండలో వేస్తే అదే వెలిసిపోతుంది. సువాసన కోసం అమ్మే కండిషనర్ ద్రవాలు వద్దు, వాటి పొర పట్టి గుడ్డ తడి పీల్చదు. ముసురు రోజుల్లో ఇస్త్రీపెట్టె సాయం తీసుకోండి.

కారకుండా ఉండే డబ్బాల మూతలో రబ్బరు రింగు ఉంటుంది. దాన్ని వారానికోసారి చెంచా కాడతో బయటికి తీసి కడగాలి. కింద నల్లటి బూజు కనబడితే ఆశ్చర్యపోకండి. రింగు, గాడి రెండూ పూర్తిగా ఆరాకే మళ్లీ బిగించండి. పొద్దున్నే పొగలు కక్కే అన్నం మీద వెంటనే మూత పెట్టినా ఇబ్బందే: మూతకి పట్టిన నీళ్లు కారి మధ్యాహ్నానికి పాచిపోతుంది. పది నిమిషాలు ఆగండి.

ఇక గిన్నెలు తోమే స్పాంజి. అది అరిగేకొద్దీ రాలిపడేది కూడా ప్లాస్టిక్ పొడే. తీగకే ముదిరి ఎండిన నేతిబీరకాయ దొరికితే తొక్క ఒలిచి, గింజలు దులిపి, నాలుగు వేళ్ల పొడవున కోసుకోండి. వాడే ముందు తడిపితే మెత్తబడుతుంది. సింకులో వదిలేస్తే జిగురు పడుతుంది, మేకుకి తగిలించాలి. మాడిన అడుక్కి ఇది చాలదు, కొబ్బరిపీచే గతి.

పటమట రైతుబజారుకు వెళ్లేటప్పుడు ఆకుకూరలకు విడిగా ఓ గుడ్డసంచి, చేపలకు మూత ఉన్న స్టీలు గిన్నె తీసుకెళితే చాలు. పాల ప్యాకెట్లకు మాత్రం అందరికీ అందుబాటులో ఉన్న ప్రత్యామ్నాయం లేదు. మూల తుంచి పారేయకుండా, ముక్క ప్యాకెట్‌కే అంటి ఉండేలా కత్తిరించి, కడిగి పొడిచెత్తలో వేయండి. ఊడిపోయిన ఆ చిన్న ముక్కను ఏరేవాళ్లుండరు.

వచ్చే సోమవారం నుంచి క్యారేజీల్లో ఫాయిల్ పంపవద్దని కోరుతున్నాం. డబ్బాల మీద మార్కర్‌తో రాసిన పేర్లు నాలుగు తోముళ్లకే పోతున్నాయి. స్టీలు కొట్లో పేరు కొట్టించండి, డబ్బా మీదే కాదు, మూత మీద కూడా. బడిలో ముందు పోయేవి మూతలే.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు,
విజయవాడ