రెయిడ్ కోసం పెద్ద హార్డ్ డిస్కులు కొనబోయే మన కస్టమర్లకు

అందరికీ నమస్కారం. రెయిడ్ అంటే కొన్ని డిస్కులను కలిపి, ఒకటి పోయినా డేటా నిలిచేలా వాడటం. ఆ డిస్కుల విషయంలో మన షాపులో కొన్ని పద్ధతులు మార్చాను. కౌంటర్ దగ్గర ఒక్కొక్కరికీ వివరంగా చెప్పే తీరిక దొరకడం లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ముందు రేట్ల సంగతి. 8 టీబీ, ఆపైన ఉన్న డిస్కుల రేట్లు పెరుగుతున్నాయి. ఏఐ డేటా సెంటర్ల వాళ్లు పెద్ద డిస్కులను టోకున ఎత్తుకుపోతుంటే మనలాంటి షాపులకు మిగిలేది తక్కువ. చెన్నై రిచీ స్ట్రీట్‌లో పొద్దున చెప్పిన రేటు సాయంత్రానికి ఉండటం లేదు. కాబట్టి నేనిచ్చే కొటేషన్ ఆ ఒక్క రోజుకే. పోయిన నెల వాట్సాప్ మెసేజ్ చూపించి అదే రేటుకు ఇమ్మంటే నా చేతిలో ఏమీ లేదు, దయచేసి ఏమీ అనుకోవద్దు.

ఇక అసలు విషయం. రెయిడ్‌కి అని చెప్పి అడిగితే మామూలు డెస్క్‌టాప్ డిస్కులు ఇకమీదట ఇవ్వను. మన దగ్గరికి వచ్చేవాళ్లలో పెళ్లి ఫోటోగ్రాఫర్లే ఎక్కువ. కొండమీద పెళ్లి, కింద రిసెప్షన్, అంతా 4కే వీడియో. ముహూర్తాల నెల వస్తే డిస్కులు ఇట్టే నిండిపోతాయి. నాలుగు బేల (డిస్కులు పెట్టే అరల) నాస్ బాక్సు, అంటే నెట్‌వర్క్‌కి తగిలించి వాడే డిస్కుల పెట్టె కొని, "అన్నా, అందులోకి బరాకుడా 4 టీబీవి నాలుగు వేసెయ్, తక్కువలో అయిపోతుంది" అంటారు. బరాకుడా అంటే సీగేట్ కంపెనీ డెస్క్‌టాప్ డిస్కు. ఆ 4 టీబీ, 8 టీబీ బరాకుడాలు ఎస్‌ఎమ్‌ఆర్ రకం. ఇంట్లో ఒక్క కంప్యూటర్‌కి పెట్టుకుంటే వాటితో ఏ ఇబ్బందీ లేదు. రెయిడ్‌లోనే చిక్కు.

ఎస్‌ఎమ్‌ఆర్‌లో డేటా గీతలు పైకప్పు పెంకుల్లా ఒకదాని మీద ఒకటి కాస్త ఎక్కి ఉంటాయి. అలా చేస్తే తక్కువ ఖర్చులో ఎక్కువ డేటా పడుతుంది. కానీ మధ్యలో ఒక గీత మార్చాలంటే దాని మీదకు ఎక్కిన పక్క గీతలనూ మళ్లీ రాయాలి. రోజూ కొంచెం కొంచెం కాపీ చేసుకునేవాళ్లకు ఇది తెలియదు, ఎందుకంటే డిస్కు ముందు ఒక పక్కన రాసుకుని, ఖాళీ దొరికినప్పుడు సర్దుకుంటుంది. రెయిడ్‌లో ఒక డిస్కు పోయి కొత్తది పెట్టినప్పుడు మాత్రం గంటల తరబడి ఆగకుండా రాయాల్సి వస్తుంది. సర్దుకోవడానికి ఖాళీ ఉండదు. స్పీడ్ పడిపోతుంది, జవాబు ఆలస్యమవుతుంది, ఇది కూడా పోయిందనుకుని బాక్సు దాన్ని బయటికి నెట్టేయొచ్చు. 2020లో నాస్ కోసమే అని అమ్మిన డబ్ల్యూడీ (వెస్టర్న్ డిజిటల్) రెడ్‌లోనే 2 నుంచి 6 టీబీ వాటిలో ఎస్‌ఎమ్‌ఆర్ ఉందని బయటపడి పెద్ద గొడవైంది. ఆ తర్వాత సీఎమ్‌ఆర్ (గీతలు ఒకదాని మీద ఒకటి ఎక్కని రకం) వాటికి రెడ్ ప్లస్ అని పేరు పెట్టారు. కాబట్టి డబ్బా మీద "రెడ్" అని చూసి సరిపెట్టుకోకండి, "ప్లస్" గానీ "ప్రో" గానీ ఉందో లేదో చూడండి. సీగేట్‌లో అయితే ఐరన్‌వుల్ఫ్ అన్నీ సీఎమ్‌ఆరే.

ఇంకో తేడా కూడా ఉంది. చదవలేని చోటు తగిలితే నాస్ డిస్కు సుమారు 7 సెకన్లు ప్రయత్నించి, "కాలేదు" అని చెప్పేస్తుంది. మిగతా డిస్కుల నుంచి బాక్సు ఆ డేటా తెచ్చుకుంటుంది. డెస్క్‌టాప్ డిస్కు పట్టు వదలకుండా చాలాసేపు ప్రయత్నిస్తుంది. ఒక్కటే డిస్కు ఉన్నచోట అది మంచి గుణమే, రెయిడ్‌లో మాత్రం కొంప ముంచుతుంది. కెమెరాల డీవీఆర్‌లో వేసే పర్పుల్, స్కైహాక్ డిస్కులను కూడా అడుగుతున్నారు. వాటిని డీవీఆర్‌కే ఉంచండి.

నాలుగు డిస్కుల బాక్సు అమ్మితే నాకు మిగిలేది ఎక్కువ. అయినా చెబుతున్నాను, చాలా ఇళ్లకు అది అక్కర్లేదు. నాలుగు 4 టీబీలు రెయిడ్ 5లో (ఒక డిస్కంత స్థలం రక్షణకే పోయే పద్ధతి) పెడితే వాడుకోవడానికి వచ్చేది 12 టీబీ. రెండు 12 టీబీలు రెయిడ్ 1లో (రెండింట్లోనూ ఒకే డేటా ఉండే పద్ధతి) పెట్టినా అంతే వస్తుంది. రెండు బేల బాక్సు చౌక, కరెంటు తక్కువ, చెడిపోయే వస్తువులు తక్కువ. ఒకటి పోయినా రెండోదాంట్లో మొత్తం డేటా అలాగే ఉంటుంది. పెద్ద డిస్కులతో రెయిడ్ 5 అంటే నాకు భయం. 16 టీబీ డిస్కు సెకనుకు 200 ఎంబీ చొప్పున నిండినా 22 గంటలు పడుతుంది, మధ్యలో మీరు పని చేసుకుంటుంటే ఇంకా ఎక్కువ. అంతసేపూ మిగతా డిస్కులన్నీ మొదటి నుంచి చివరిదాకా చదవబడుతూనే ఉంటాయి. ఆ సమయంలో రెండోది పోతే అంతే సంగతులు. నాలుగు పెట్టక తప్పదంటే రెయిడ్ 6 (రెండు డిస్కులు పోయినా డేటా ఉండే పద్ధతి) పెట్టుకోండి, స్థలం సగం పోతుందని ముందే తెలుసుకోండి.

రెయిడ్ ఉంది కదా అని బ్యాకప్ మానేసేవాళ్లతో నాకు రోజూ వాదనే. పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేస్తే రెండు డిస్కుల్లోనూ ఒకేసారి పోతుంది. మిగిలిన డబ్బుతో ఒక బయటి డిస్కు కొని, వారానికోసారి కాపీ చేసి, బంధువుల ఇంట్లో పెట్టండి. ఈ బయటి డిస్కు ఎస్‌ఎమ్‌ఆర్ అయినా పర్వాలేదు, నేనే ఇస్తాను.

సీగేట్ ఎక్సోస్ లాంటి సర్వర్ డిస్కులు ఆన్‌లైన్‌లో చౌకగా కనిపిస్తున్నాయని లింకులు పంపుతున్నారు. డిస్కులు మంచివే. కాకపోతే చప్పుడు ఎక్కువ, పడకగదిలో పెడితే నిద్ర పట్టదు. పైగా 2025 మొదట్లో, వాడేసిన ఎక్సోస్ డిస్కులను, నడిచిన గంటల లెక్క చెరిపేసి కొత్తవని అమ్మిన సంగతి జర్మనీ నుంచి మొదలై చాలా దేశాల్లో బయటపడింది. డిస్కు ఆరోగ్యం చెప్పే మామూలు స్మార్ట్ రిపోర్టులో సున్నా గంటలు కనిపించినా, సీగేట్ డిస్కు లోపల రాసుకునే ఫార్మ్ లాగ్ అనే ఇంకో రికార్డులో అసలు లెక్క ఉంటుంది. మీరు బయట కొన్న సీగేట్ డిస్కు తెచ్చినా ఆ లాగ్ చూసిపెడతాను, డబ్బులు తీసుకోను. సీరియల్ నంబర్‌తో మన దేశంలో వారంటీ ఉందో లేదో కంపెనీ సైట్‌లో చూసుకోవడం మాత్రం మీ పని. ఐరన్‌వుల్ఫ్, రెడ్ ప్లస్‌లకు 3 ఏళ్లు, ప్రో రకాలకు 5 ఏళ్లు. వారంటీలో వచ్చేది డిస్కు మాత్రమే, డేటా రాదు.

మన ఎండల సంగతి తెలిసిందే. బాక్సును అటక మీద, మూసిన అల్మారాలో పెట్టకండి. డిస్కు వేడి 45 డిగ్రీలు దాటకుండా చూసుకుంటే మంచిది. చిన్న యూపీఎస్ తప్పనిసరి, రాసేటప్పుడు కరెంటు పోవడం రెయిడ్‌కి మంచిది కాదు.

8 టీబీ డిస్కు కంప్యూటర్‌లో 7.27 అని చూపిస్తే కంగారు పడి ఫోన్ చేయకండి. కంపెనీ వెయ్యి చొప్పున లెక్కిస్తుంది, విండోస్ 1024 చొప్పున లెక్కిస్తుంది.

ఇకపై 12 టీబీ, ఆపైన డిస్కులు షాపులో స్టాక్ పెట్టను. ఈ రేట్లకు అంత డబ్బు బీరువాలో ఇరికించుకోలేను. సగం అడ్వాన్స్ ఇస్తే తెప్పిస్తాను. రెండు డిస్కులు కావాలంటే వీలైనంతవరకు వేర్వేరు బ్యాచ్‌లవి తెస్తాను, దానికి ఒకట్రెండు రోజులు ఎక్కువ పట్టొచ్చు. వచ్చేటప్పుడు మీ బాక్సు మోడల్ నంబర్, ఇప్పుడు ఉన్న డేటా ఎంతో రాసుకుని రండి. ముహూర్తాలు మొదలవక ముందే చెబితే నాకు తేలిక.