బోర్డుల కన్నా ముందు నీళ్ల సంగతి చూడండి

సంపాదకులకు నమస్కారం.

కొండల దిగువన, నదీ లోయల్లో ఉన్న కంకర దారులను గ్రావెల్ సైకిల్ మార్గాలుగా ప్రకటించాలన్న ప్రతిపాదన మీద మీ పత్రికలో వస్తున్నవన్నీ చదువుతున్నాం. ఆలోచన మంచిదే. కానీ చర్చంతా ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని బోర్డులు, ప్రారంభం ఎప్పుడు అన్నచోటే తిరుగుతోంది. కంకర దారి నిలిచినా పోయినా నీళ్ల వల్లే. ఆ మాట మాత్రం ఎవరూ ఎత్తడం లేదు.

కొండవాలు నుంచి దిగే నీటికి దారి అడ్డం వస్తుంది. దాటిపోయే చోటు చూపించకపోతే నీరు దారినే కాలువ చేసుకుంటుంది. చక్రాల జాడల వెంట పారుతూ ముందు సన్నమట్టిని, తర్వాత చిన్న కంకరను ఊడ్చుకుపోతుంది. మిగిలేది పిడికిలంత రాళ్లు, వాటి మధ్య జానెడు లోతు గాడి. ట్రాక్టరుకు అది లెక్కలోకి రాదు. 40 మిల్లీమీటర్ల సైకిల్ టైరు అందులో దిగితే మాత్రం బయటికి తిప్పబోయేసరికి చక్రం గాడి గోడను రాసుకుని ఆగిపోతుంది, మనిషి బరువు అటే ఒరుగుతుంది. దిగుడులో పడేవాళ్లు చాలామంది ఇలాగే పడతారు.

దీనికి మందు పాతదే. దారి నడుమ ఎత్తుగా ఉండి, రెండు పక్కలకూ 4 శాతం వాలు ఉండాలి. 4 మీటర్ల వెడల్పు దారికి నడుమ 8 సెంటీమీటర్ల ఉబ్బన్నమాట. ఇరుకు కొండ దారికి ఉబ్బు అక్కర్లేదు, మొత్తాన్ని లోయ వైపు 3 నుంచి 5 శాతం వాల్చితే సరిపోతుంది. చడావుల్లో దారికి అడ్డంగా పల్లాలు తీసి నీటిని పక్కకు మళ్లించాలి. ఆ పల్లం చక్రం సాఫీగా దిగి ఎక్కేంత నిడివిగా ఉండాలి. చవకలో పోతుందని పల్లానికి బదులు అడ్డంగా మట్టి కట్ట వేస్తే పైనుంచి వేగంగా వచ్చే సైకిల్ గాల్లోకి లేస్తుంది. అంత చేసినా నాలుగు బండ్లు తొక్కగానే కట్ట నడుమ తెగుతుంది, నీళ్లన్నీ ఆ తెగిన చోటు నుంచే దూకుతాయి.

ఇంకో చిన్న విషయం, దీని దగ్గరే ఎక్కువ డబ్బు వృథా అవుతుంది. దారిని గీకి చదును చేసే గ్రేడర్ యంత్రంతో పని చేసినప్పుడు అంచున మట్టి గట్టు మిగులుతుంది. చూడ్డానికి హద్దు గీసినట్టు ముచ్చటగానే ఉంటుంది. కానీ నీటిని బయటికి పోనివ్వనిది ఆ గట్టే. అది తీసేశాకే పని పూర్తయినట్టు లెక్క అని కాంట్రాక్టులో రాయాలి.

ఇక కంకర. లోయల్లో నది పక్కనే దొరుకుతుంది కదా అని గులకరాళ్లు తెచ్చి పోస్తుంటారు. గుండ్రటి రాళ్లు ఒకదాన్నొకటి పట్టుకోవు, రోలర్ ఎంత తిప్పినా అంతే. పై పొరకు క్రషర్‌లో పగలగొట్టిన, అంచులున్న 20 మిల్లీమీటర్ల లోపు కంకర కావాలి. అందులో జిగురున్న సన్నమట్టి 8 నుంచి 15 శాతం కలవాలి. అది తక్కువైతే ఎండకు కంకర విడిపోయి, బండ్ల వేగానికి దారి ముడతల రేకులా తయారవుతుంది. ఆ ముడతల తలలు మాత్రం చెక్కేసి వదిలేస్తే కొద్ది రోజుల్లోనే మళ్లీ లేస్తాయి. ముడత అడుగు దాకా తవ్వి, తడిపి, తిరగేసి రోలర్ తొక్కించాలి. ఈ పని ఎండిన నేల మీద చేస్తే దండగ.

సన్నమట్టి ఎక్కువైతే బురద. అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలో జరిగే అన్‌బౌండ్ గ్రావెల్ పోటీలో 2023లో ఏం జరిగిందో తెలిసిందే. వానకు నానిన మట్టి టైరుకూ ఫ్రేముకూ మధ్య ఇరుక్కుని చక్రాలు తిరగలేదు. బలవంతంగా తొక్కినవాళ్ల డిరైలర్ హ్యాంగర్లు, అంటే వెనక గేరు మార్చే పరికరాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే ముక్కలు, విరిగాయి. మిగతావాళ్లు సైకిళ్లు భుజాన వేసుకుని నడిచారు. రాకీ పర్వతాల వెంట సాగే గ్రేట్ డివైడ్ సైకిల్ మార్గంలోని న్యూ మెక్సికో భాగం కూడా వానకు అంతే. ఇలాంటి మట్టి ఉన్న ముక్కలను ముందే గుర్తించి, వాన పడ్డ తర్వాత ఆరేదాకా మూసేయాలి. తడిలో పడ్డ జాడలు ఎండాక రాయిలా బిగుస్తాయి, తర్వాత వచ్చేవాళ్లంతా వాటి మీదే తొక్కాలి.

ఈ గొడవంతా ఎందుకు, తారు పోసేయండి అని ఒక పాఠకుడు రాశారు. తారు పడ్డాక కార్ల వేగం పెరుగుతుంది, సైకిల్ వాళ్లు వేరే దారి వెతుక్కుంటారు. ఇటలీలోని టస్కనీలో తెల్ల కంకర దారులు ఒక్కొక్కటిగా తారు కిందికి పోతుంటే, వాటిని కాపాడుకోవడానికే 1997లో లెరోయికా సైకిల్ యాత్ర మొదలుపెట్టారు. ఇవాళ ఆ దారుల కోసమే జనం అక్కడికి వెళ్తున్నారు. మా అభిప్రాయంలో తారు లాంటి గట్టి పొర అవసరమైనవి రెండే చోట్లు: 12 శాతం దాటిన చడావులు, వాగు దాటే చోట్లు. మిగతాది కంకరగానే ఉండనివ్వండి.

వాగుల దగ్గర కాజ్‌వే కడితే పని అయిపోయిందనుకుంటారు. పలచగా నీళ్లు పారే కాంక్రీటు మీద పాకుడు పడుతుంది, దాని మీద టైరు వెడల్పు ఎంతున్నా ఉపయోగం లేదు. బ్రేకు పట్టకుండా, హ్యాండిల్ తిప్పకుండా నేరుగా పోవాలి, అనుమానముంటే దిగి నడవాలి. వేగంగా పారే నీరు 15 సెంటీమీటర్ల లోతున్నా మనిషిని పడగొట్టగలదు. కాబట్టి ప్రతి కాజ్‌వే దగ్గరా లోతు చూపే గుర్తుల స్తంభం ఉండాలి. పైన కొండల్లో వాన పడితే ఇక్కడ ఎండ కాస్తుండగానే వాగు పొంగుతుందని ఆ స్తంభం మీదే రాయాలి. మంచు కరిగి వచ్చే వాగులు పొద్దున తగ్గి, సాయంత్రానికి పెరుగుతాయి. అలాంటి వాగు దాటాల్సిన మార్గంలో దాన్ని ఉదయాన దాటేలా ప్రయాణ దిశ సూచించాలి.

దిశ గురించి మరో మాట. ఆకాశం తేటగా ఉన్న రోజుల్లో ఎండ ఎక్కేకొద్దీ లోయల్లో గాలి దిగువ నుంచి ఎగువకు వీస్తుంది. మధ్యాహ్నం నది వెంట కిందికి వస్తే దిగుడులో కూడా పెడల్ తొక్కాల్సిందే. చుట్టు మార్గమైతే లోయ భాగాన్ని మధ్యాహ్నం ఎగువకు తొక్కేలా చూపిస్తే సగం కష్టం తప్పుతుంది.

మ్యాపు మీద గీత గీసి, సగటు చడావు వేస్తే చాలదు. 10 కిలోమీటర్లలో 400 మీటర్ల ఎక్కుడంటే సగటు 4 శాతం, వినడానికి తేలిక. అందులో ఒక కిలోమీటరు 14 శాతం ఉండి, మిగతా 9 కిలోమీటర్లు 3 శాతం లోపే ఉన్నా సగటు అదే వస్తుంది. వదులు కంకర మీద 14 శాతమంటే నిలబడి తొక్కితే వెనక చక్రం జారుతుంది, కూర్చుని తొక్కాలంటే ముందు పళ్లచక్రం కన్నా వెనకది పెద్దగా ఉండే గేరు కావాలి. అందుకే ప్రతి మార్గంలో అన్నిటికన్నా నిటారుగా ఉన్న 500 మీటర్లు ఎక్కడున్నాయో, అక్కడ నేల ఎలా ఉందో విడిగా చెప్పాలి. తాగునీరు దొరికే చోట్ల మధ్య దూరం కూడా. సమయాన్ని తారు రోడ్డు లెక్కన వేయకండి. ఎక్కుడూ దిగుడూ ఉన్న కంకర మీద మామూలు మనిషి గంటకు 15 కిలోమీటర్లు పోతే బాగా పోయినట్టే.

ఏ టైరు కావాలో చెప్పడం అనవసరమని అనుకోకండి. కాన్సస్‌లోని ఫ్లింట్ హిల్స్‌లో చెకుముకి రాయి టైరు పక్కగోడను కోసేస్తుంది, అక్కడ కన్నాలు పూడడానికి టైరులో పోసే ద్రవం, సీలెంట్ ఒక్కదాన్నే నమ్ముకుంటే లాభం లేదు. రాయి గుండ్రటిదా, అంచులున్నదా, చెకుముకిలా పదునైనదా అన్నది బోర్డు మీద ఒక్క పంక్తిలో తేలిపోతుంది. 75 కిలోల మనిషికి 40 మిల్లీమీటర్ల ట్యూబ్‌లెస్ టైరులో 30 నుంచి 35 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) గాలి దాదాపు సరిపోతుంది, ముందు చక్రంలో రెండు మూడు తగ్గించుకోవచ్చు. ట్యూబు ఉన్న టైరులో అంత తగ్గిస్తే రాయి తగిలినప్పుడు రిమ్ముకూ రాయికీ మధ్య ట్యూబు నలిగి రెండు కన్నాలు పడతాయి.

మా కోరిక ఇదీ. ప్రకటించబోయే ప్రతి మార్గాన్నీ ముందు ఒక వానాకాలంలో, వాన పడుతుండగా, ఇంజనీరు కాలినడకన చూడాలి. నీరు ఎక్కడ నిలుస్తోందో, ఎక్కడ దారి వెంట పారుతోందో అక్కడే గుర్తు పెట్టి, ఆ చోట్లు బాగు చేశాకే బోర్డులు పాతాలి. ఏటా వానలకు ముందు తూముల నోళ్లు శుభ్రం చేసే బాధ్యత ఎవరిదో పేరుపెట్టి చెప్పాలి. స్వాగత తోరణాల సంగతి ఆ తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు.

ఇట్లు,
కంకర దారుల్లో సైకిల్ తొక్కే కొందరు పాఠకులు