జడ్జికీ పార్టీ చూసే ఓటేస్తామా?

సంపాదకులకు నమస్కారం.

టెక్సాస్‌లో ఒక్క నొక్కుతో పార్టీ మొత్తానికీ ఓటేసే పద్ధతి 2020 నుంచి పోయింది. పోవాల్సిందే. ఇక్కడ జడ్జీలనూ ఓటేసే ఎన్నుకుంటాం. 2018లో హ్యూస్టన్ ఉన్న హారిస్ కౌంటీలో (కౌంటీ అంటే జిల్లా లాంటిది) జడ్జి పోస్టులను ఒకే పార్టీ ఊడ్చుకుపోయింది. ఎవరు కేసులు త్వరగా తేల్చారు, ఎవరు నానబెట్టారు అన్నది ఆ గాలిలో ఎవరు చూశారు?

బ్యాలెట్‌లో పైన ఉన్న రెండు మూడు పదవులకు ఓటేసి మిగతావి వదిలేసినా ఓటు చెల్లుతుంది. కానీ విడాకులు, పిల్లల కస్టడీ, ఆస్తి తగాదాలు తేల్చేది ఆ కింద ఉన్న జడ్జీలే. స్కూల్ బోర్డు పోటీలో అయితే పేరు పక్కన పార్టీయే ఉండదు.

అందుకే కౌంటీ వెబ్‌సైట్‌లో నమూనా బ్యాలెట్ ముందే ప్రింట్ తీసుకుని, ఒక్కో పేరూ వెతికి చూసి టిక్ పెట్టుకోండి. ఫోన్‌లో రాసుకుంటే లాభం లేదు, ఓటింగ్ యంత్రాలకు 100 అడుగుల లోపల దాన్ని వాడనివ్వరు. కాగితం చూసుకోవచ్చు.

ఇంకో అపోహ: మార్చిలో ఒక పార్టీ ప్రైమరీలో (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో) ఓటేస్తే నవంబర్‌లోనూ అదే పార్టీకి వేయాలని. అక్కర్లేదు. నమోదు మాత్రం ఎన్నికకు 30 రోజుల ముందే అయిపోవాలి.

— ఒక ఓటరు, ఇర్వింగ్, టెక్సాస్