సూప్, బ్రెడ్ వంటకాలను కప్పుల్లో, గంటల్లో రాయకండి

సంపాదకులకు నమస్కారం.

మీ వంటల పేజీలో కూరగాయల సూప్‌ల గురించి, ఇంట్లో కాల్చుకునే బ్రెడ్ గురించి తరచుగా రాస్తున్నందుకు సంతోషమే గానీ, ఆ వంటకాలను రాసే తీరు మీద నాకొక అభ్యంతరం ఉంది. సూప్ అనగానే స్టాక్ క్యూబు (రుచి కోసం నీటిలో కరిగించే ఉప్పటి బిళ్ల), మొక్కజొన్న పిండి, క్రీమ్ తప్పనిసరి అన్నట్టు పదార్థాల జాబితా సాగుతుంది. బ్రెడ్ దగ్గరికి వచ్చేసరికి కప్పుల లెక్క, గంటల లెక్క తప్ప పిండి ఎలా ఉండాలో, చేతికి ఎలా తగలాలో ఒక్క ముక్క కూడా ఉండదు. సులువైన పనేమో లేనిపోని హంగులతో బరువెక్కుతోంది, శ్రద్ధ పెట్టాల్సిన పనేమో చిటికెలో అయిపోయేదిగా కనిపిస్తోంది.

సూప్‌కు నిజంగా కావలసినవి ఒక ఉల్లిపాయ, ఒకటి రెండు రకాల కూరగాయలు, ఒక బంగాళాదుంప, కాస్త నూనో వెన్నో, నీళ్లు, ఉప్పు. దాని రుచి క్యూబు కంటే ఉల్లిపాయను మగ్గించే ఓపిక మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. సన్నగా తరిగిన ముక్కల మీద చిటికెడు ఉప్పు చల్లి, మూత పెట్టి, సన్నని మంట మీద పది నిమిషాలు వదిలేస్తే ఉప్పు వాటిలోని నీటిని బయటికి లాగుతుంది. ముక్కలు ఎర్రబడకుండానే మెత్తబడి, ఘాటు పోయి, తియ్యదనం తేలుతుంది. ఇంత ముఖ్యమైన దశకు మీ వంటకాల్లో 'ఉల్లిపాయలు వేయించాలి' అన్న రెండు మాటలే దక్కుతున్నాయి. ఆ తరువాత కూరగాయ ముక్కలు, బంగాళాదుంప వేసి, అవి మునిగేటంత వరకే నీళ్లు పోసి, దాదాపు 20 నిమిషాలు ఉడికిస్తే చాలు. చిక్కదనానికి బంగాళాదుంపలోని పిండిపదార్థమే సరిపోతుంది కాబట్టి మొక్కజొన్న పిండితో పనే లేదు. టమాటా వేసే పక్షంలో దుంప ముక్కలు మెత్తబడ్డాకే వేయమని కూడా చెప్పాలి. ముక్కను గట్టిగా పట్టి ఉంచే పెక్టిన్ పులుపు తగిలితే త్వరగా కరగదు, అందువల్ల మొదటే టమాటా వేసిన సూప్‌లో దుంప చాలాసేపు ఉడకకుండా మొరాయిస్తుంది. ఇక సూప్ మీద క్రీమ్‌తో వేసే సుడిగుండం ఫొటో కోసమే తప్ప నాలుక కోసం కాదని నా అనుమానం.

మీ వంటకాల్లో నేను ఇంతవరకు చూడని హెచ్చరిక ఒకటి ఉంది. సలసల కాగుతున్న సూప్‌ను మిక్సీ జార్ నిండా పోసి మూత బిగించి తిప్పితే, లోపల ఒక్కసారిగా పుట్టే ఆవిరి మూతను ఎగరగొడుతుంది, చేతులు, ముఖం కాలతాయి. కాస్త చల్లారనిచ్చి, సగం జార్ మాత్రమే నింపి తిప్పమని ప్రతిసారీ రాయవలసిన మాట ఇది.

బ్రెడ్ విషయంలో నా ప్రధానమైన కోరిక కప్పులను పక్కన పెట్టి గ్రాముల్లో రాయమని. చెంచాతో వదులుగా నింపిన కప్పులో సుమారు 120 గ్రాముల పిండి పడితే, డబ్బాలో ముంచి అదిమి తీసిన కప్పులో 150 గ్రాముల దాకా పడుతుంది. 'మూడు కప్పుల మైదా, ఒక కప్పు నీళ్లు' అన్న కొలతనే తీసుకుంటే, 240 మిల్లీలీటర్ల నీరు ఒక వంటింట్లో 360 గ్రాముల పిండికి, మరో వంటింట్లో 450 గ్రాముల పిండికి చేరుతుంది. అంటే పిండి బరువులో నీటి పాలు ఒకచోట 67 శాతం, మరోచోట 53 శాతం. మొదటి ముద్ద మెత్తగా సాగి పొంగుతుంది, రెండోది పిసకడానికే చేతులు నొప్పెడతాయి. ఇద్దరూ వంటకాన్ని అక్షరాలా పాటించినవారే. బేకరీల్లో పిండిని 100గా తీసుకుని మిగతావన్నీ దానిలో శాతాలుగా లెక్కిస్తారు. 500 గ్రాముల మైదాకు 325 గ్రాముల నీరు, 10 గ్రాముల ఉప్పు, 5 గ్రాముల పొడి ఈస్ట్ అని రాస్తే ఎవరి వంటింట్లోనైనా దాదాపు ఒకే ముద్ద వస్తుంది. ముడి గోధుమపిండి అయితే పొట్టు ఎక్కువ నీరు పీల్చుకుంటుంది కాబట్టి నీటిని పెంచమని, రొట్టె కాస్త తక్కువ పొంగుతుందని ముందే చెప్పాలి.

గంటల లెక్కకూ ఇదే ఇబ్బంది. ఈస్ట్ బతికున్న జీవి. వెచ్చని గదిలో గంటలో రెట్టింపయ్యే పిండికి చలిగా ఉన్న గదిలో రెండు మూడు గంటలు పట్టవచ్చు, అంచేత గడియారాన్ని కాక పిండిని చూడమని రాయాలి. ముద్దను రొట్టె ఆకారంలోకి మలిచి రెండోసారి పొంగనిచ్చాక, పిండి అద్దిన వేలితో మెల్లగా నొక్కితే గుంట వెంటనే పూడిపోయిందంటే ఇంకా సమయం కావాలి. నెమ్మదిగా, సగం వరకే పూడితే ఓవెన్‌లో పెట్టవచ్చు. గుంట అలాగే ఉండిపోతే ఆలస్యమైనట్టే. అలాగే 'వేడి నీటిలో ఈస్ట్ కలపండి' అని రాయడం ప్రమాదం, ఎందుకంటే 60 డిగ్రీలకు చేరిన నీటిలో ఈస్ట్ చచ్చిపోతుంది. 35 నుంచి 40 డిగ్రీల గోరువెచ్చని నీరు చాలు.

కాల్చడానికి 220 డిగ్రీల ఓవెన్, అరగంట పైచిలుకు సమయం సరిపోతాయి. అడుగున వేలితో తట్టినప్పుడు డొల్ల శబ్దం రావడం ఉడికిందనడానికి గుర్తు. బయటికి తీశాక లోపలి పిండిపదార్థం ఇంకా గట్టిపడుతూనే ఉంటుంది, అందుకే గంటసేపు ఆగకుండా కోస్తే ముక్క జిగటగా వస్తుంది. మిగిలిన బ్రెడ్‌ను ఫ్రిజ్‌లో పెట్టమని మీరు రాసే సలహా మాత్రం పూర్తిగా మార్చాలి. బ్రెడ్ గట్టిపడడానికి తేమ ఆరిపోవడం ఒక్కటే కారణం కాదు, పిండిపదార్థం మళ్లీ స్ఫటికాలుగా పేరుకోవడం అసలు కారణం. అది గది ఉష్ణోగ్రతలో కంటే ఫ్రిజ్ చలిలో వేగంగా జరుగుతుంది. ఒకటి రెండు రోజులకైతే బయట మూత పెట్టి ఉంచాలి, అంతకు మించితే ముక్కలు కోసి ఫ్రీజర్‌లో పెట్టాలి.

ఉప్పు సంగతి కూడా ఒకటుంది. పైన చెప్పిన రొట్టెలో 10 గ్రాముల ఉప్పు ఉంది. దానిలో పావు భాగం తిన్నవారి ఒంట్లోకి రెండున్నర గ్రాములు చేరినట్టు. పెద్దవారికి రోజుకు 5 గ్రాముల లోపే ఉప్పు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ లెక్కన బ్రెడ్‌తో కలిపి తినమని సూచించే సూప్‌లో ఉప్పు దండిగా ఉండే స్టాక్ క్యూబును మళ్లీ వేయమనడం ఏ రకంగా సబబో మీ వంటల పేజీ నిర్వాహకులే ఆలోచించాలి.

ఇకపై అచ్చయ్యే ప్రతి బ్రెడ్ వంటకంలోనూ పిండి, నీరు, ఉప్పు, ఈస్ట్ బరువులను గ్రాముల్లో, పిండి సిద్ధమైందని తెలిపే గుర్తులతో సహా ఇవ్వవలసిందిగా, మిక్సీ గురించిన హెచ్చరికను సూప్ వంటకం చివర కాకుండా తిప్పే దశకు ముందే అచ్చు వేయవలసిందిగా కోరుతున్నాను. స్థలం చాలదంటే ఫొటోను కాస్త చిన్నది చేసినా పాఠకులకు అభ్యంతరం ఉండదు.

ఇట్లు,
మీ పత్రిక పాఠకురాలు