వంటింటి బండ చేసిన పాపమేమిటి?

సంపాదకుడు గారికి,

నమస్కారం. మీ ఆదివారం అనుబంధంలో రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు గురించి పేజీడు వ్యాసం వచ్చి ఇవాళ్టికి పన్నెండు రోజులు. ఎర్రక్షరాల శీర్షిక, మొహానికి ముసుగు తగిలించుకున్న మనిషి బొమ్మ, ఎందుకు వేశారో తెలియని ఒక పుర్రె. సవరణ వేస్తారేమోనని రోజూ పొద్దున్నే పేపరు మూల మూలలూ వెతుకుతున్నాను. మొన్న రాశిఫలాల్లో మకరానికి పడాల్సింది కుంభానికి పడితే మర్నాడే చింతిస్తున్నామని వేశారు. దీనికి మాత్రం ఉలుకూ లేదు, పలుకూ లేదు. అందుకే ఈ ఉత్తరం.

మా అపార్ట్‌మెంట్లో మూడో అంతస్తులో ఉండే మిత్రుడు ఆ వ్యాసం చదివి, సోమవారం పొద్దున్నే మేస్త్రీని పిలిపించాడు. గ్రానైట్ బండలోంచి క్యాన్సర్ గ్యాస్ వస్తుందని మీరే రాశారు కదా! వంటగట్టు మీది బండ పగలగొట్టించి టైల్స్ వేయించాడు. రెండు రోజులు కటింగ్ మిషన్ మోత, మెట్లంతా దుమ్ము, 22 వేల ఖర్చు. నేను పైకి వెళ్లేసరికి ఆయన బాల్కనీలో నిలబడి సిగరెట్ కాలుస్తూ పనివాళ్లకు సూచనలు ఇస్తున్నాడు. 'ఆరోగ్యం ముందు సార్, డబ్బుదేముంది' అన్నాడు. పగిలిన ముక్క చేతిలోకి తీసుకుని చూశాను. నల్లటి రాయి, లోపల బంగారు పొడి చల్లినట్టు చుక్కలు. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ. షాపుల్లో దాన్నీ గ్రానైట్ అనే అమ్ముతారు గానీ భూగర్భశాస్త్రం లెక్కలో అది గ్యాబ్రో జాతి రాయి. అందులో రేడాన్‌కు మూలమైన యురేనియం బహు తక్కువ. ఆ సంగతి ఆయనకు చెప్పాలా వద్దా అని ఆలోచించి, టైల్స్ బాగున్నాయని చెప్పి వచ్చేశాను.

ఇక మీ వ్యాసం సంగతి. గాలిలో రేడాన్ 4 బెక్వెరళ్లు దాటితే ప్రమాదమని రాశారు. బెక్వెరల్, పికోక్యూరీ అనేవి రేడియోధార్మికతను కొలిచే రెండు వేర్వేరు ప్రమాణాలు. అయ్యా, అమెరికా పర్యావరణ సంస్థ చెప్పేది లీటరు గాలిలో 4 పికోక్యూరీలు అని. దాన్ని బెక్వెరళ్లలోకి మారిస్తే ఘనపు మీటరుకు 148. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో సూచించిన హద్దు 100, అదీ కుదరని దేశాల్లో 300 దాటొద్దు అంది. ఆరుబయట స్వచ్ఛమైన గాలిలోనే సుమారుగా 5 నుంచి 15 బెక్వెరళ్లు ఉంటుంది. అంటే మీ లెక్క ప్రకారం వేపచెట్టు కింద మంచం వేసుకుని పడుకున్నవాడు కూడా ప్రమాదంలో ఉన్నట్టే. అంకె ఒక చోటి నుంచి, ప్రమాణం ఇంకో చోటి నుంచి తెచ్చి అతికించారు. పదో తరగతి పిల్లవాడు పరీక్షలో ఇలా రాస్తే నేను సగం మార్కు కూడా వేయను. ముప్పై ఒక్క ఏళ్లు ఫిజికల్ సైన్స్ చెప్పాను కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుందనుకుంటాను.

అంతటితో ఆగారా? 'ఇంట్లో ఘాటైన వాసన వస్తే అనుమానించండి' అని పక్కన డబ్బా కట్టి మరీ వేశారు. రేడాన్‌కు రంగు లేదు, రుచి లేదు, వాసన అసలే లేదు. ఘాటైన వాసన వస్తే అనుమానించాల్సింది వంటగ్యాస్ సిలిండర్‌ను.

అసలు విషయం ఇదీ. నేలలో, రాళ్లలో కొద్దో గొప్పో యురేనియం అంతటా ఉంటుంది. అది క్షీణిస్తూ రేడియం అవుతుంది, రేడియం నుంచి రేడాన్ పుడుతుంది. వాయువు కాబట్టి మట్టి సందుల్లోంచి పైకి వస్తుంది. బయట గాలిలో కలిస్తే చెదిరిపోతుంది. ఇంటి నేల పగుళ్లలోంచి, పైపులు దించిన సందుల్లోంచి లోపలికి వచ్చి, తలుపులూ కిటికీలూ మూసి ఉంటే అక్కడే పేరుకుంటుంది. దాని అర్ధాయువు 3.8 రోజులు, అంటే అన్ని రోజుల్లో ఉన్నదాంట్లో సగం క్షీణిస్తుంది. అసలు చేటు చేసేది అది క్షీణిస్తే పుట్టే దాని పిల్లలు, పొలోనియం లాంటివి. అవి దుమ్ముకు అంటుకుని ఊపిరితిత్తుల్లోకి చేరి ఆల్ఫా కణాలను విడుస్తాయి. ఆల్ఫా కణాన్ని ఒక కాగితం ముక్క ఆపుతుందని ఏటా బోర్డు మీద రాసేవాణ్ని. ఊపిరితిత్తుల లోపల కాగితం ఎవరు అడ్డుపెడతారని ఒక్క పిల్లవాడూ అడగలేదు, నేనూ చెప్పలేదు. అది నా తప్పే.

కాబట్టి ముప్పు లేదని నేను అనడం లేదు. 1988లోనే దీన్ని క్యాన్సర్ కారకమని అంతర్జాతీయంగా తేల్చారు. అమెరికాలో ఏటా సుమారు 21,000 మంది రేడాన్ వల్ల వచ్చిన ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోతున్నారని అక్కడి సంస్థ అంచనా. వాళ్లలో ఎన్నడూ పొగ తాగనివాళ్లు 2,900 మంది దాకా ఉంటారట. మిగతావాళ్లలో ఎక్కువమంది సిగరెట్, రేడాన్ రెండూ కలిసినవాళ్లే. పైఅంతస్తు మిత్రుడి గురించి మళ్లీ రాయను.

నాకు ఇదంతా పుస్తకాల్లో తెలిసింది కాదు. 2022లో మా అబ్బాయి అట్లాంటా పక్కన గ్విన్నెట్ కౌంటీలో ఇల్లు కొన్నాడు. అమెరికా వెళ్లిన తల్లిదండ్రులకు బేస్‌మెంట్లో గది రాసిపెట్టి ఉంటుందని మనవాళ్లందరికీ తెలుసు. మమ్మల్నీ అక్కడే దింపారు. ఆ పక్కనే స్టోన్ మౌంటెన్ అని పెద్ద ఏకశిల కొండ, మా భువనగిరి గుట్టకు దూరపు చుట్టంలా ఉంటుంది. ఆ చుట్టుపక్కల నాలుగైదు కౌంటీలు రేడాన్ ఎక్కువ ఉండే ప్రాంతమని అక్కడి ప్రభుత్వం మ్యాపులో రంగు వేసి మరీ చూపించింది. అబ్బాయి ఒక కిట్ తెప్పించాడు. ఇరవై డాలర్లో ఎంతో. లోపల బొగ్గుపొడి ఉన్న చిన్న డబ్బా, అంతే. పన్నెండు గంటల ముందు నుంచీ కిటికీలన్నీ మూసి, కింది అంతస్తులో మనుషులు ఉండే గదిలో, నేల నుంచి మోకాలెత్తుకు పైన, కిటికీకీ తలుపుకీ దూరంగా మూత తీసి పెట్టాలి. వంటింట్లో, బాత్రూంలో పెట్టకూడదు. నాలుగు రోజులు కదపకూడదు.

మూడో రోజు మా ఆవిడ గది సర్దుతూ, ఎవరిదో బూట్‌పాలిష్ డబ్బా అనుకుని మూత బిగించి షూ అలమారలో పెట్టింది. మళ్లీ ఇంకో కిట్. ఈసారి అబ్బాయి దాని పక్కన 'అమ్మా, ముట్టుకోవద్దు' అని తెలుగులో చీటీ అంటించాడు. డబ్బా తీసిన రోజే పోస్టులో వేయాలి, ఆలస్యమైతే లోపల పట్టుకున్న రేడాన్ కరిగిపోయి లెక్క తప్పుతుంది. వారంలో ఫలితం వచ్చింది: 7.2 పికోక్యూరీలు. ఇంకోసారి చూసినా అంతే. మనిషొచ్చి, నేల గచ్చుకు రంధ్రం చేసి, ఒక పీవీసీ గొట్టం దించి, ఫ్యాను తగిలించి, మట్టిలోని గాలిని ఇంటి కప్పు పైదాకా లాగి వదిలేలా చేసిపోయాడు. గొట్టానికి యు ఆకారంలో చిన్న గాజు నాళిక, అందులో ఎర్రటి ద్రవం. రెండు వైపులా సమానంగా కనిపిస్తే ఫ్యాను ఆగిపోయినట్టు. రోజూ పొద్దున కాఫీ గ్లాసుతో వెళ్లి దాన్ని చూడటం నా డ్యూటీ. తర్వాత కొలిస్తే 1.1. ఎవరూ బండలు పగలగొట్టలేదు. ఆ వంటింట్లోనూ గ్రానైటే ఉంది, ఇప్పటికీ ఉంది. గ్రానైట్ గట్ల నుంచి రేడాన్ వస్తుందని 2008లో అక్కడా గగ్గోలు పుట్టింది. వాటి వల్ల ఇంట్లో రేడాన్ చెప్పుకోదగ్గంత పెరిగే అవకాశం తక్కువని, ముందు ఇంటి గాలి కొలుచుకోమని ప్రభుత్వమే చెప్పింది.

కొలుచుకోమని! ఇక్కడే నా గొడవంతా. మీరు భయపెట్టారు బాగానే ఉంది, కొలుచుకోవడం ఎక్కడ? వ్యాసంలో ఒక్క ముక్క లేదు. సరే, నేనే తిరుగుదామని బయల్దేరాను. మొదటి ఆఫీసులో కౌంటర్ దగ్గరి అమ్మాయి 'రేషన్ కార్డైతే మీసేవకు పోండి అంకుల్' అంది. రేషన్ కాదమ్మా, రేడాన్ అంటే పక్క సీటు వైపు చూపించింది. పక్క సీటు లంచ్‌కు పోయింది. రెండో ఆఫీసులో బయటి గాలే మాది, ఇంట్లో గాలి మా పరిధి కాదన్నారు. మూడో చోట పెద్దాయన కూర్చోబెట్టి టీ ఇప్పించి, 'మీకేమైనా దగ్గు ఉందా సార్?' అని అడిగాడు. లేదన్నాను. 'అయితే ఎందుకు టెన్షన్?' అన్నాడు. ఆన్‌లైన్లో డిజిటల్ మీటర్లు దొరుకుతాయి గానీ వాటి ధర పెన్షన్‌దారుడు చదవదగ్గది కాదు.

మన దగ్గర చేతగాక కాదు. ఉస్మానియా భౌతికశాస్త్రం వాళ్లు ఇరవై ఏళ్ల కిందటే మా పాత నల్లగొండ జిల్లాలో యురేనియం నిక్షేపాలున్న లంబాపూర్, పెద్దగట్టు పరిసరాల ఇళ్లలో రేడాన్ కొలిచారు. పద్ధతి కూడా ఖరీదైందేమీ కాదు. చిన్న డబ్బాలో ఫిల్ము ముక్క అమర్చి మూడు నెలలు గదిలో వేలాడదీస్తారు. ఆల్ఫా కణాలు తగిలిన చోటల్లా గాటు పడుతుంది. కాస్టిక్ సోడాలో ఉడికించి మైక్రోస్కోపు కింద గాట్లు లెక్కపెడతారు. కరెంటు అక్కర్లేదు. కొలిచారు, పరిశోధన పత్రాలు రాసుకున్నారు, అవి ఇంగ్లీషులో ఎక్కడో అచ్చయ్యాయి. అక్కడి యురేనియం తవ్వకం గురించి 2003లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగినప్పుడు, 2019లో నల్లమలలో యురేనియం తవ్వొద్దని అసెంబ్లీ తీర్మానం చేసినప్పుడు మీ పేపరు నిండా యురేనియమే. తవ్వకుండా భూమిలో ఉన్నదాని మాటేమిటని అప్పుడూ ఎవరూ అడగలేదు. ఫ్లోరైడ్ విషయంలోనూ అంతే, నడుములు వంగిపోయాక గానీ నీళ్లు పరీక్ష చేయలేదు.

పాత ఇళ్లలో కిటికీలు తెరిచే ఉండేవి, గాలి దానంతటదే వచ్చిపోయేది. ఇప్పుడు గ్రౌండ్ ఫ్లోర్ బెడ్రూముల్లో కూడా ఏసీ వేసి సందు లేకుండా బిగిస్తున్నాం. హైదరాబాద్‌లో సెల్లార్లలో స్టడీ హాళ్లు, జిమ్ములు. పోటీ పరీక్షల పిల్లలు పొద్దుణ్నుంచి రాత్రి దాకా ఆ నేలమాళిగల్లోనే ఉంటారు. కొలిస్తే అక్కడ కొలవాలి, మూడో అంతస్తు వంటగట్టు మీద కాదు. ఫైర్ సర్టిఫికెట్టే చూడనివాళ్లు రేడాన్ చూస్తారా అంటారు. అదీ నిజమే.

నేను కోరేది రెండే. ఒకటి, 4 బెక్వెరళ్లు కాదు, 148 అని, అదే శీర్షిక సైజులో కాకపోయినా కంటికి ఆనేంత అక్షరాల్లో సవరణ వేయండి. రెండు, మీ విలేకరులను పంపి, మామూలు మనిషి ఇంట్లో రేడాన్ ఎవరు కొలుస్తారో, ఎంత తీసుకుంటారో కనుక్కుని అచ్చు వేయించండి. నన్ను తిప్పినట్టు వాళ్లను తిప్పరు, చేతిలో మైకు ఉంటుంది కదా.

పగిలిన బండ ముక్కలు మా మెట్ల కింద ఇంకా పడి ఉన్నాయి. మున్సిపాలిటీ బండి వాటిని ఎక్కించుకోదట. రెండు ముక్కలు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి, తులసికోట ముందు మెట్టుకు సరిపోతాయి. కావలసినవాళ్లు ఎవరైనా వచ్చి తీసుకుపోవచ్చు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫిజికల్ సైన్స్ టీచరు,
భువనగిరి